చేతినిండా మాటలు

చెయ్యి అంటే తెలుగువారికి భుజం నుంచి వేలి కొస దాకా ఉన్నదంతా. మణికట్టు దగ్గర గీత గీసి పైది ఒకటి, కిందిది మరొకటి అని రోజువారీ మాట విడదీయదు. చెయ్యి నొప్పి అంటూ వచ్చిన రోగిని ఎక్కడ అని వైద్యుడు మళ్ళీ అడగాల్సి రావడం అందుకే. విడదీసి చెప్పాలంటే ముందు మరో మాట చేరాలి: అరచెయ్యి, ముంజెయ్యి, మోచెయ్యి, దండచెయ్యి. పై భాగానికి జబ్బ, రెట్ట అనే పేర్లూ ఉన్నాయి. కాయకష్టం ప్రస్తావన వస్తే చెయ్యి కాస్తా రెక్క అవుతుంది. రెక్కల కష్టం, రెక్కాడితే గాని డొక్కాడదు అన్నప్పుడు ఆ రెక్క కూలిపని చేసుకునే మనిషి చెయ్యే. ఈ మాట ఒంటిని దాటి వస్తువులకూ పాకింది. చొక్కాకు పొట్టి చేతులో పొడుగు చేతులో ఉంటాయి, కుర్చీకి చేతులుంటాయి.

మాట రూపం కూడా ఒక చోట నిలవదు. ఒకటైతే చెయ్యి లేదా చేయి, రెండైతే చేతులు. విభక్తి చేరేటప్పుడు చేతి అవుతుంది: చేతికి, చేతిలో, చేతి మీద. నెయ్యి నేతి అయినట్టు, నుయ్యి నూతి అయినట్టు, గొయ్యి గోతి అయినట్టు ఇదీ మారుతుంది. సమాసంలో ఇంకా కుదించుకుపోయి ఒక్క అక్షరంగా మిగులుతుంది: చేనేత, చేవ్రాలు, చేయూత, చేబదులు. అలాగని చే అని మొదలైన ప్రతి మాటా చేతికి చెందదు. చేవ అంటే చెట్టు మానులో గట్టిపడిన భాగం. చేవ చచ్చినవాడు అన్న తిట్టు అడవి నుంచి వచ్చిందే తప్ప చేతి నుంచి కాదు. చేదబావిలో ఉన్నది నీళ్ళు తోడే చేద. చేను, చేట, చేప కూడా వేరే కుదుళ్ళవే.

ఇరుగుపొరుగు భాషల్లో దీనికి చుట్టరికం స్పష్టంగా కనిపిస్తుంది. తమిళం, మలయాళం, కన్నడం, తుళు అన్నింటిలోనూ చేతిని కై అంటారు. తెలుగులో క కాస్తా చ అయింది. కన్నడంలో కివి అనేది తెలుగులో చెవి, అక్కడి కెరె ఇక్కడ చెరువు, అక్కడి కెడు ఇక్కడ చెడు. కై చెయ్యి కావడం కూడా ఈ వరుసలోదే. ఈ మార్పు వల్ల తెలుగులో ఒక విశేషం జరిగింది. అవయవం పేరూ, పని చేయమనే ఆజ్ఞా ఒకే శబ్దంగా కలిసిపోయాయి. పని చెయ్యి అన్నప్పటి చెయ్యీ, నీ చెయ్యి చూపించు అన్నప్పటి చెయ్యీ వినడానికి ఒకటే. తమిళంలో ఇవి విడిగానే ఉన్నాయి, ఒకటి కై, రెండోది సెయ్. కన్నడంలోనూ కై వేరు, గెయ్ వేరు. థామస్ బరో, ముర్రే ఎమెనో 1961లో వెలువరించి 1984లో సవరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు కూడా అవయవాన్నీ క్రియనూ వేర్వేరు శీర్షిక పదాల కిందే చూపింది. పుట్టుక వేరైనా తెలుగువారి నోట అవి జంటగా పెరిగాయి. చేతికీ చేతకూ మధ్య తెలుగులో ఇంత రాకపోకలు ఉండటానికి ఈ శబ్దసామ్యం బాగా తోడ్పడింది.

అన్నింటికన్నా దూరం ప్రయాణించింది చేత అనే ప్రత్యయం. తెలుగు బడిలో చదివినవారంతా విభక్తులు వల్లె వేసినవారే. తృతీయా విభక్తికి చేత, చే, తోడ, తో అనేవి ప్రత్యయాలు. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనూ, ఇప్పటి పాఠ్యపుస్తకాల్లోనూ కనిపించేవి ఇవే. వీటిలో మొదటి రెండూ చెయ్యి నుంచి వచ్చాయి, తర్వాతి రెండూ తోడు నుంచి. ఒక పని ఎవరి వల్ల, దేనితో జరిగిందో చెప్పడానికి భాష ఎంచుకున్నవి చెయ్యి ఒకటి, తోడు ఒకటి. రాముని చేత రావణుడు చంపబడ్డాడు అనే వ్యాకరణ ఉదాహరణలో చెయ్యి అర్థం దాదాపు అరిగిపోయింది, కర్త మాత్రమే మిగిలాడు. మా అబ్బాయి చేత పుస్తకం పంపిస్తాను అన్నప్పుడు ఆ పుస్తకం అబ్బాయి చేతిలో ఉండటమూ, అతని ద్వారా రావడమూ ఒకేసారి వినిపిస్తాయి. అవయవం ప్రత్యయంగా మారే తొవ్వ ఎలా ఉంటుందో ఇలాంటి వాక్యం చూపిస్తుంది. ఇంకో అడుగు వేస్తే మనిషి కూడా మాయమై కారణం ఒక్కటే మిగులుతుంది: అందుచేత, ఇందుచేత, ఎందుచేత. వాటిని పలికేటప్పుడు చెయ్యి గుర్తొచ్చేవాళ్ళు ఉండరు. మాట్లాడే తెలుగులో ఇప్పుడు చేతకు బదులు తో, వల్ల ఎక్కువగా వినిపిస్తున్నాయి. పిల్లల చేత పాడించారు అనే చోట పిల్లలతో పాడించారు అనేవారే ఎక్కువ. అయినా నా చేత కాదు అనే మాటను ఏదీ కదిలించలేకపోయింది. దాని నుంచే చేతనైన, చేతకాని, చేతకానితనం పుట్టాయి. శక్తి ఉండటానికీ లేకపోవడానికీ తెలుగు వాడిన కొలబద్ద అది చేతి వల్ల అవుతుందా కాదా అన్నదే.

ఇక పనితనం. బడిలో వేసిన పిల్లవాడు పలక మీద దిద్దుతూ ఉంటే ముందు గీతలు వంకర పోతాయి, కొన్నాళ్ళకు చెయ్యి తిరుగుతుంది. ఈ తిరగడమే పెద్దయ్యాక ప్రశంస అవుతుంది: చెయ్యి తిరిగిన రచయిత, చెయ్యి తిరిగిన వంటవాడు. పుట్టుకతో వచ్చిన ప్రతిభను ఈ మాట చెప్పదు. చేసి చేసి వచ్చిన నేర్పునే చెబుతుంది. అందుకే నిన్న మొన్న పని మొదలుపెట్టినవాడు ఎంత తెలివైనవాడైనా అతనికి ఇది నప్పదు. నేర్పుకు అందనిది మరొకటి ఉందని కూడా తెలుగువారు నమ్ముతారు. ఒకే మందు ఇద్దరు వైద్యులు ఇస్తే ఒకరి దగ్గరే గుణం కనిపించిందని చెప్పి దాన్ని హస్తవాసి అంటారు. ఒకే పప్పు, ఒకే ఉప్పు, ఒకే పొయ్యి, అయినా అమ్మ చేతి వంట వేరు. కొందరి చెయ్యి పడితే మొక్క బతుకుతుంది. పనివాడి నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే పనికి మనిషి స్పర్శ కూడా కావాలనే భావన ఈ మాటల వెనక ఉంది.

పక్కన యంత్రం ఉన్నప్పుడు ఈ స్పర్శకు విలువ పెరుగుతుంది. చేనేత అనే మాట మిల్లు బట్టకూ మరమగ్గానికీ ఎదురు నిలబడి ఇంత బరువు తెచ్చుకుంది. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ, ధర్మవరం పేర్లు చెప్పగానే చీరలు గుర్తొస్తాయి. ఆ చీరల ధరకు కారణం ఆ ఒక్క అక్షరం, చే. 1905 ఆగస్టు 7న మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి ఆ తేదీన జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. ఆ వృత్తి ఎంత పెద్ద పదసంపదను పోగేసిందంటే, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాల్లో వ్యవసాయం తర్వాతి సంపుటాన్ని, 1971లో, దానికే కేటాయించింది. చేతిరాత కూడా ఇలాంటిదే. అచ్చూ టైపూ వచ్చాక దాని విలువ వేరుగా తెలిసింది. చేవ్రాలు అంటే సంతకం. దస్తావేజుల్లో చేవ్రాలు చేయగలిగినవారు సంతకం పెట్టేవారు, రాయడం రానివారు వేలిముద్ర, అంటే నిశానీ, వేసేవారు. రెంటికీ చెయ్యే సాక్షి.

చేతివాటం అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. వాటం అంటే అనువు, ఒరవడి. ఆటల పేజీలో ఎడమచేతి వాటం బ్యాటర్ సెంచరీ కొడతాడు. అదే పత్రిక నేరవార్తల పేజీలో గుమస్తా చేతివాటం ప్రదర్శించి సొమ్ము కాజేస్తాడు. ముందు కుడి, ఎడమ అని చేరితే అది శరీర లక్షణం. ఏమీ చేరకపోతే దొంగతనం. తెలుగు నేర్చుకుంటున్నవారికి ఇలాంటి తేడా నిఘంటువు చూస్తే పట్టుబడదు, పత్రిక చదివితేనే తెలుస్తుంది.

పని తర్వాత ఫలితం. వ్యవసాయ కుటుంబాల ఆశలు మొత్తం చేతికి రావడం అనే క్రియలో ఇమిడి ఉన్నాయి. పంట చేతికొస్తుంది, కొడుకు కూడా చేతికొస్తాడు. చేతికొచ్చిన పంట అంటే కోతకు సిద్ధమైనది. చేతికొచ్చిన కొడుకు అంటే ఇంటి భారం పంచుకునే ఈడుకు ఎదిగినవాడు. చేతికందివచ్చిన అన్నా, చేతికెదిగిన అన్నా అదే. పెట్టుబడి పెట్టి, నీళ్ళు పోసి, చీడపీడల నుంచి కాపాడి, నెలల తరబడి ఎదురుచూసిన తర్వాత దక్కేది పంట; ఏళ్ళ తరబడి పెంచాక ఆసరాగా నిలబడేది సంతానం. రెంటికీ ఒకే మాట వాడటంలో రైతు ఇంటి లెక్క ఉంది. తుపానుకు చేతికొచ్చిన పంట నీళ్ళపాలైంది అని వార్త చదివినప్పుడు, ప్రమాదంలో చేతికొచ్చిన కొడుకు పోయాడు అని విన్నప్పుడు ఆ దుఃఖం మొత్తం రావడం అనే మాట దగ్గరే ఆగిపోతుంది. వచ్చింది, కానీ మిగల్లేదు. చేతికందింది నోటికందలేదు అనే సామెత కూడా ఈ కోవలోదే. ఈ మాట కూతుళ్ళకు అంతగా వాడకపోవడం గమనించదగ్గది. ఆడపిల్ల సంపాదన మీద కుటుంబాలు నిలుస్తున్న ఈ రోజుల్లో చేతికొచ్చిన కూతురు అనడానికి అడ్డేమీ ఉండకూడదు.

దక్కినదాన్ని నిలుపుకోవడం, పోగొట్టుకోవడం కూడా చేతిలోనే. దొరికితే చేజిక్కింది, పోతే చేజారింది, అదుపు తప్పితే చెయ్యి దాటింది. అధికారం ఎవరి దగ్గరుందో చెప్పాలన్నా ఇదే మాట: అంతా మీ చేతుల్లోనే ఉంది, నా చేతిలో ఏముంది? ఒకరి దగ్గర పనిచేయడం వారి చేతికింద పనిచేయడం. పోటీలో గెలుపు పైచేయి. ఈ గుంపులో అన్నింటికన్నా పదునైనది చేజేతులా. చెయ్యి అనే మాట రెండుసార్లు వచ్చి, చేసింది వేరెవరో కాదు నువ్వే అని నొక్కి చెబుతుంది. దీని తర్వాత వచ్చేది ఎప్పుడూ నష్టమే. చేజేతులా పాడుచేసుకున్నాడు అంటారు. చేజేతులా బాగుపడ్డాడు అని ఎవరూ అనరు.

డబ్బు దగ్గరికి వస్తే ఈ మాట మనుషుల గుణాలన్నీ లెక్కగడుతుంది. దానగుణం ఉన్నవాడి చేతికి ఎముక ఉండదు. ఎముక లేని చెయ్యి ముడుచుకుని గట్టిపడదు కాబట్టి ఇస్తూనే ఉంటుంది. పిసినారి ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడు, చేతికి అంటుకున్న మెతుకులు రాలిపోతాయని. చేత్తో అన్నం తినే నేల మీదే ఈ మాట పుడుతుంది. అవసరం పడితే చెయ్యి చాస్తారు. ఏమీ తేకుండా వస్తే చేతులూపుకుంటూ వచ్చాడంటారు. లంచం ఇస్తే చెయ్యి తడిపినట్టు. వ్యాపారంలో నష్టపోతే చేతులు కాల్చుకున్నట్టు.

చేబదులు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గ మాట. అప్పుకు పత్రం ఉంటుంది, వడ్డీ ఉంటుంది, గడువు ఉంటుంది. చేబదులుకు అవేవీ ఉండవు. ఈ చేత్తో తీసుకుని నాలుగు రోజుల్లో ఆ చేత్తో ఇచ్చేయడమే. ఇరుగుపొరుగు మధ్య, తోటి ఉద్యోగుల మధ్య నమ్మకం ఒక్కటే దానికి హామీ. అప్పు అడగడానికి సిగ్గుపడే మనిషి కూడా చేబదులు అడగగలుగుతాడు. చేతి చమురు వదలడం అంటే లాభం రాకపోగా సొంత సొమ్ము ఖర్చవడం. ఊరివారు చమురు ఇస్తే ఆ వెలుగులో భాగవతం ఆడటం ఆనవాయితీ. ఆడేవారే చమురు కూడా పోసుకుంటే అది చేతి చమురు భాగవతం. కాగడాలు పోయి కరెంటు దీపాలు వచ్చి తరాలు గడిచినా, సొంత డబ్బు పెట్టి సభలు జరిపేవారి నోట ఆ చమురు ఇంకా ఇంకలేదు.

మనుషుల మధ్య బంధాలకు కూడా చెయ్యే గుర్తు. చేదోడు వాదోడు అనే జంటలో చేదోడు అంటే చేతితో చేసే సాయం. వాదోడులో నోరు అనే అర్థమున్న వాయి అనే పాత మాట దాగి ఉంది. పని సాయమూ, మాట సాయమూ రెండూ ఉంటేనే తోడు పూర్తవుతుందని ఆ జంట చెబుతుంది. చేయూత అంటే చెయ్యి ఇచ్చే ఊత. చెయ్యి పట్టుకోవడం పెళ్ళి. వైదిక వివాహంలోని పాణిగ్రహణానికి తెలుగు మాట అది. చెయ్యి వదిలేయడం ఆ బంధాన్ని తెంచుకోవడం. చెయ్యి కలపడం స్నేహమైతే, శత్రువులతో చేతులు కలపడం కుట్ర.

ఇంత మంచి చుట్టాల మధ్య చెయ్యివ్వడం మాత్రం మోసానికి పేరైంది. చివరి నిమిషంలో చెయ్యిచ్చాడు అంటే నమ్మించి తప్పుకున్నాడని అర్థం. వానలు చెయ్యిస్తాయి, మోటారు చెయ్యిస్తుంది, స్నేహితులూ చెయ్యిస్తారు. కన్నడంలోనూ ఇదే తీరు, కై కొడు అంటే నట్టేట ముంచడం. తమిళంలో అదే కై కొడు సాయం చేయడమవుతుంది. చిత్తూరు ప్రాంతంలో మూడు భాషలూ వినేవారికి ఒకే నుడికారం ఒక సరిహద్దులో ఆసరాగా, మరో సరిహద్దులో ద్రోహంగా వినిపిస్తుంది. ఒకే కుటుంబంలోని భాషలు నుడికారాన్ని ఎలా ఎవరికి వారు తిప్పుకుంటాయో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

చెయ్యి వేయడం అర్థం అది ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. భుజం మీద వేస్తే చనువు, పనిలో వేస్తే సాయం, ఒప్పుకోని మనిషి మీద వేస్తే అఘాయిత్యం. చెయ్యి చేసుకోవడం అంటే కొట్టడం. కొట్టాడు అనే మాట ఉండగా ఇది దేనికి అంటే, ఇందులో హద్దు దాటారన్న ఎరుక ఉంది. పామును కొట్టినప్పుడు ఎవరూ దీన్ని వాడరు. మనిషి మీద, అందులోనూ కొట్టకూడని మనిషి మీద చెయ్యి లేచినప్పుడే వాడతారు. పెళ్ళాం మీద చెయ్యి చేసుకున్నాడు అనే వాక్యం ఊళ్ళ పంచాయతీల్లో, పోలీసు ఫిర్యాదుల్లో తరచుగా వినిపిస్తుంది. మాట మెత్తగా ఉండటం వల్ల జరిగిన హింస చిన్నదిగా కనబడే ప్రమాదం ఉంది. రాసేవారు అలాంటి చోట కొట్టాడు అని రాయడమే న్యాయం.

అలాగే, మేమేం చేతులకు గాజులు తొడుక్కుని కూర్చోలేదు అనే సవాలు రాజకీయ సభల్లో ఇప్పటికీ మోగుతోంది. గాజుల చేతులు ఏమీ చేయలేనివని దాని భావం. వరినాట్లు వేసేవి, కలుపు తీసేవి, మగ్గానికి కండెలు చుట్టేవి, ఇటుకలు మోసేవి గాజుల చేతులే. అబద్ధం చెప్పే జాతీయం ఎంత పాతదైనా వదులుకోదగ్గదే.

చేతులను ఎలా ఉంచారన్న దాన్ని బట్టి పుట్టిన మాటలు చాలా ఉన్నాయి, వీటికి వివరణ అంతగా అక్కర్లేదు. కళ్ళు మూసుకుని ఆ భంగిమ ఊహిస్తే అర్థం దానంతటదే వస్తుంది. చేతులు కట్టుకోవడం వినయం లేదా నిస్సహాయత, చేతులు ముడుచుకోవడం సోమరితనం, చేతులు పిసుక్కోవడం ఏమీ చేయలేని బాధ, చేతులు నలుపుకోవడం అడగలేక అడగడం, చేతులు దులుపుకోవడం బాధ్యత వదిలించుకోవడం. చేతులెత్తడం ఒక్కటే రెండు దారులు పట్టింది. చేతులెత్తి మొక్కడం భక్తి. చేతులెత్తేయడం ఓటమి, లేదా దివాలా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పొయ్యి దగ్గరి మాట; వేడి గిన్నెను దించడానికి ఆకులు ముందే అందుకోవాలి. భోజనం మొదలవడం అన్నంలో చెయ్యి పెట్టడం, ముగియడం చెయ్యి కడుక్కోవడం. మజ్జిగ పోసుకోకుండానే చెయ్యి కడుక్కున్నాడంటే ఇంట్లోవారికి అతని అలకో ఆకలి లేకపోవడమో తెలిసిపోతుంది.

కుడి ఎడమల మధ్య భాష సమానంగా లేదు. నమ్మకస్తుడైన అనుచరుడు కుడిచెయ్యి. డబ్బుగానీ పసుపుకుంకుమలుగానీ ఎడం చేత్తో ఇస్తే పెద్దలు మందలిస్తారు. ఎడం చేత్తో చేసేస్తాడు అన్న మెప్పులో కూడా పని తేలిక అన్న భావమే తప్ప ఆ చేతికి గౌరవం లేదు. పుర్రచెయ్యి అన్నా ఎడమ చెయ్యే. ఎడమ చెయ్యి తీసి పుర్రచెయ్యి పెట్టినట్టు అనే సామెత పేరు మారినా పని మారలేదని చెబుతుంది. కాడికి కట్టిన ఎడ్లలో కుడివైపుది వలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. దుక్కి దున్నేవారికి రెండూ సమానంగా లాగాల్సినవే, కాబట్టి అక్కడ చిన్నచూపు కనబడదు.

అరచేతికీ మోచేతికీ ముంజేతికీ విడివిడిగా నుడికారాలున్నాయి. అరచేతిలో వైకుంఠం చూపించడం నోటితో ఆశపెట్టడం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం భయంతో బతకడం. మోచేతి నీళ్ళు తాగడం అంటే ఒకరి దయ మీద బతకడం. తాగుతున్నవాడి మోచేతి మీదుగా జారే నీళ్ళకు కింద మరొకడు నోరు పట్టడం ఆ చిత్రం. ఒక మనిషి మరో మనిషికి ఎంతగా లోబడాల్సి వస్తుందో ఇంత కఠినంగా చెప్పే మాట తెలుగులో అరుదు. మోచేతికి బెల్లం రాసి నాకమనడం అందని ఆశ చూపించడం, ఎవరి మోచెయ్యి వారి నాలుకకు అందదు కనుక. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అంటే కళ్ళెదుట ఉన్నదానికి రుజువు అక్కర్లేదని.

కొలతబద్దలు రాకముందు చెయ్యే కొలత. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా మూర, సుమారు అడుగున్నర. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చాచితే జాన. నాలుగు వేళ్ళ వెడల్పు బెత్త. రెండు చేతులూ బార్లా చాపితే బార, అంటే దాదాపు నాలుగు మూరలు. గింజలకూ పిండికీ చిటికెడు, పిడికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు. వీటిలో కొన్ని ఇంకా బతికే ఉన్నాయి. గుడి ముందు మల్లెపూల దండ ఇప్పటికీ మూరల్లోనే అమ్ముతారు. అమ్మే మనిషి చెయ్యి పొట్టిదైతే మూర కురచ అవుతుందని కొనేవారు కనిపెట్టే ఉంటారు. వంటింట్లో చిటికెడు ఉప్పును ఏ చెంచా తొలగించలేదు. మిగిలినవి కొలతలుగా పోయినా మాటలుగా నిలిచాయి: జానెడు పొట్ట, చారెడు కళ్ళు, బారెడు పొద్దెక్కడం.

సంస్కృతం నుంచి వచ్చిన హస్తం, కరం, పాణి తెలుగులో చెయ్యి చేసే పనులను కాస్త హుందాగా చేస్తాయి. కరచాలనం, కరపత్రం, కరతాళధ్వనులు, కరదీపిక, హస్తకళలు, హస్తసాముద్రికం, హస్తగతం, వీణాపాణి, చక్రపాణి. పత్రికలకు ఆపన్నహస్తం, అభయహస్తం, రిక్తహస్తాలు ఇష్టమైన మాటలు. పల్లెలో వైద్యుడు నాడి పట్టినా, జ్యోతిష్కుడు గీతలు చదివినా చెయ్యి చూడటమే. పుస్తకాల్లో మాత్రం మొదటిది నాడీపరీక్ష, రెండోది హస్తసాముద్రికం. ఏనుగుకు హస్తి, కరి అని పేర్లు రావడానికి దాని తొండమే కారణం. హస్తి అంటే చెయ్యి కలది, కరి అన్నా అదే. తొండంతో అందుకుని, విరిచి, నోట పెట్టుకునే ఏనుగుకు అది చెయ్యే కదా. సాలీడు, పాము, ఏనుగు శివుణ్ణి కొలిచాయని చెప్పే శ్రీకాళహస్తి పేరులో చివర నిలిచింది ఈ చెయ్యే.

రాజకీయ వార్తల్లో ఇప్పుడు హస్తం అంటే కాంగ్రెస్ పార్టీ, దాని ఎన్నికల గుర్తు అరచెయ్యి కావడంతో. పత్రికల శీర్షికల్లో హస్తం పుంజుకుంటుంది, హస్తం డీలా పడుతుంది. ఊళ్ళలో ఓట్లడిగేవారు మాత్రం హస్తం అనరు, చెయ్యి గుర్తు అనే అంటారు. అభ్యర్థికి సొంతవారే సహకరించకపోతే, చెయ్యి గుర్తు వాళ్ళే చెయ్యిచ్చారు అని టీకొట్టు దగ్గర మాట్లాడుకుంటారు.